రెండు నదుల నడుమ నడిగడ్డ - తరలింపు సన్నద్ధతపై పరిశీలన

గద్వాల: కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ గల ప్రాంతానికి నడిగడ్డ అని పేరు. ఉభయ నదులు ఒకేసారి పొంగినప్పుడు ఇక్కడి ప్రజలను ఎటు తరలించవలెనన్న ప్రశ్న 2009 అక్టోబరులో యంత్రాంగానికి ఎదురైనది. ఆ నెల 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ నీరు కర్నూలు నగరాన్ని ముంచెత్తింది. ఇవతలి గట్టున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్, రాజోలి జలమయమయ్యాయి. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద చేరి, 885 అడుగుల పూర్తిస్థాయి నీటిమట్టాన్ని దాటి 896 అడుగులకు చేరుకున్నది.

ఎగువ ప్రాజెక్టుల గేట్లు ఎత్తినందువల్ల మాత్రమే వచ్చిన వరద కాదిది. తుంగభద్ర డ్యాంకు దిగువన, ఉత్తర కర్ణాటక, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో కురిసిన కుండపోత వర్షాలు నదిని పొంగించాయి. కావున డ్యాంల నుంచి అందే సమాచారం ఒక్కటే చాలదు. మండలాల వర్షపాతం వివరాలు, వాగుల ఉధృతి సైతం ఎప్పటికప్పుడు కంట్రోల్ రూములకు చేరవలసి యున్నది.

2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడినవి. నది ఒకటే, యంత్రాంగాలు మూడు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. 31వ సెక్షను క్రింద జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించవలెను. 34వ సెక్షను క్రింద వాహనాల రాకపోకలను నియంత్రించు అధికారం కలదు. అయితే బీచుపల్లి వద్ద కృష్ణా వంతెనకు ఒక కొస గద్వాల జిల్లాలో, మరొక కొస వనపర్తి జిల్లాలో ఉన్నది. దక్షిణాన పుల్లూరు దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే ఆంధ్రప్రదేశ్. 2009లో రెండు గట్లూ ఒకే రాష్ట్రంలో ఉండగా, నేడు అటువైపు సమన్వయం రెండు ప్రభుత్వాల నడుమ జరగవలసినది. వంతెనలపై ఆధారపడని తరలింపు మార్గం, అనగా నడిగడ్డలోనే గల మెట్ట ప్రాంతాలకు చేరు దారి, ప్రణాళికలో మొదటి అంశం కావలెను.

నీరు వచ్చే తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. జూరాల గేట్లు ఎత్తిన కొద్ది గంటలలోనే దిగువ గట్టు గ్రామాలకు ప్రవాహం తాకును. కృష్ణా మధ్యనున్న గుర్రంగడ్డ వాసులకు వ్యవధి మరీ స్వల్పం. కొల్లాపూర్, పెంట్లవెల్లి వైపు శ్రీశైలం వెనుక జలాలు నెమ్మదిగా పెరుగును. అక్కడ ఏమరుపాటే అసలు ప్రమాదం. మూడు జిల్లాలకూ ఒకే మాటతో దండోరా వేయించిన ఫలితముండదు.

మరొక విషయం. రాజోలి చేనేత కుటుంబానికి గుంట మగ్గమే జీవనాధారం. ఆ మగ్గాన్ని, కట్టుగొయ్యకున్న పశువులను విడిచి రమ్మన్నంత మాత్రాన ఎవరూ కదలరు. పోగులు, అచ్చులు, పశువులను సైతం తరలించుటకు ట్రాక్టర్లను ముందుగానే కేటాయించినచో పోలీసుల ఒత్తిడి అవసరం తగ్గును.

ఇక పునరావాస కేంద్రాల ఎంపిక. పాఠశాల భవనం ఉన్నది కదా అని జాబితాలో చేర్చుట ఆనవాయితీగా మారినది. 2009 నాటి ముంపు మట్టానికి దిగువనున్న ప్రతి భవనాన్నీ ఆ జాబితా నుంచి తొలగించి, తదుపరి వర్షాకాలానికి ముందే ప్రత్యామ్నాయం గుర్తించవలసి యున్నది.