ఊరివారి స్టేషను

ఇంగ్లండులో యార్కుషైరు కొండల అంచున సెటిల్ అను చిన్న సంతపట్టణము కలదు. అచ్చటి రైల్వేస్టేషనులో దిగినవానికి ముందుగా కనిపించునవి పూలతొట్లు. వాని వెనుక రాతితో కట్టిన భవనము, నిటారుగా లేచిన కప్పులు, ఆ కప్పుల అంచులకు చెక్కడపుపని చేసిన కొయ్యపలకలు. దాదాపు 150 ఏండ్లనాటి కట్టడము. అయినను పాడుపడిన జాడ లేదు. ఆ తొట్లకు నీరు పోయువారును, వచ్చినవారికి చరిత్ర చెప్పువారును, దుకాణములో పుస్తకములు అమ్మువారును రైల్వే ఉద్యోగులు కారు. జీతము తీసికొనని ఊరివారు, చుట్టుప్రక్కలవారు. ఉద్యోగములనుండి విరమించినవారే వారిలో అధికము.

సెటిల్‌నుండి కార్లయిలు వరకు పోవు ఈ 72 మైళ్ల మార్గము పుట్టుకయే విచిత్రమైనది. స్కాట్లండునకు పోవు రైళ్ల విషయమున ప్రత్యర్థి కంపెనీ చిక్కులు పెట్టుచుండుటచే, మిడ్లండు రైల్వే కంపెనీ సొంతదారికి పార్లమెంటు అనుమతి పొందినది. ఇంతలో ప్రత్యర్థి దిగివచ్చెను. ఇక ఆ దారి మాకు అక్కరలేదని మిడ్లండువారనిరి. పార్లమెంటు ఒప్పుకొనలేదు. 1869లో పని ఆరంభమై, 1876 మే 1వ తేదీన ప్రయాణికుల రైళ్లు నడిచినవి. (ఆ పని సాగుచున్న కాలముననే, 1874లో, మనకు వాడినుండి సికిందరాబాదుకు రైలు వచ్చినది.) వేలాది కూలీలు ఆ బురదనేలపై పాకలు వేసికొని, గడ్డపారలతో, మందుగుండుతో కొండలు తొలిచిరి. మశూచికము చెలరేగినది. రిబుల్‌హెడ్ వద్ద 24 కమానుల వంతెనను చూచి మెచ్చుకొనువారు, ఆ దాపుననే చాపెల్-లె-డేల్ చర్చి ఆవరణములో పూడ్చబడిన కూలీలను, వారి బిడ్డలను గూడ తలచుకొనవలెను. స్టేషనుల నమూనాలు గీసిన జాన్ హాలోవే శాండర్సు పేరు గ్రంథములలో నిలిచినది. ఆ కూలీలను పేరుపేరున ఎరిగినవారెవరు?

1970లో ఈ మార్గమునందలి చిన్న స్టేషనులు మూతపడి, సెటిల్, యాపిల్‌బీ మాత్రమే మిగిలినవి. తరువాతి దశకమున మార్గమునే మూసివేయ యత్నించిరి. వంతెన శిథిలమగుచున్నది, మరమ్మతునకు లక్షలాది పౌనులు కావలెను, ప్రయాణికులు లేరు అని కారణములు చెప్పిరి. 'ప్రయాణికులు లేరు' అను మాటను మేము ఎల్లప్పుడును అనుమానముతోనే వినుచుందుము. రైళ్లు తగ్గించి, స్టేషనులు మూసి, ఆపైన జనము రాలేదనుట తేలిక. 1981లో ఆ మార్గమును అభిమానించువారు మిత్రసంఘముగా ఏర్పడిరి. మూసివేత పనిని చక్కబెట్టుటకు రైల్వేవారు 1983లో రాన్ కాటన్ అను అధికారిని నియమించిరి. ఆయన చేసినది వేరు. చౌక టిక్కెట్లు పెట్టెను, ప్రచారము చేసెను. మూతపడిన స్టేషనులలో ఎనిమిది 1986లో తిరిగి తెరువబడినవి. ప్రయాణికుల సంఖ్య కొద్ది యేండ్లలో నాలుగింతలు దాటినది.

మూసివేతకు వచ్చిన అభ్యంతరములు ఇరువదివేలకు మించినవి. వానిలో ఒక కుక్క పాదముద్రయు కలదు. సంఘస్థాపకులలో ఒకరైన గ్రాహం నటల్‌గారి పెంపుడుకుక్క అది. టిక్కెట్టుతో ప్రయాణము చేసినదే గనుక దాని అభ్యంతరమును అంగీకరించిరి. 1989 ఏప్రిల్ 11న ప్రభుత్వము మూసివేతను నిరాకరించినది. మరుసటి జనవరిలో నటల్‌గారు వేల్సు కొండలలో నడకకు పోయి మరణించిరి. పదకొండు వారముల తరువాత దేహము దొరకినప్పుడు, ముదిసిన ఆ కుక్క ప్రక్కనే ఉండెను. 2009లో గార్స్‌డేల్ స్టేషనులో దాని కంచువిగ్రహమును నిలిపిరి.

పత్రికలవారు కథను సాధారణముగా ఇచ్చటనే ఆపుదురు. మాకు ముఖ్యముగా తోచునది ఆ పిమ్మటి కాలము. పోరాటమునకు జనము వత్తురు. గెలిచిన తరువాత, వాన కురియు మంగళవారమునాడు కిటికీ చట్రములకు రంగు వేయుటకు ఎవరు వత్తురు? సెటిల్‌లో వచ్చిరి; ఏండ్ల తరబడి వచ్చుచునే యున్నారు. 1891నాటి సిగ్నలుగది 1984లో మూతపడి చివికిపోవుచుండగా, 1997లో దానిని ఉన్నచోటునుండి ఎత్తి పట్టాలకు ఆవలి ప్రక్కకు తెచ్చి బాగుచేసిరి.

శ్రమదానమను మాట మనకు కొత్త కాదు. ఒక ఉదయము పలుగులు, పారలు, ఒక ఉపన్యాసము, ఒక ఛాయాచిత్రము. ఆపైన మరుసటి యేడు వరకు ఎవరును ఆ వంక చూడరు. గాంధీ జయంతినాడు నాటిన మొక్క వేసవి సెలవులలో ఎండిపోవుట ఎరుగని బడి మన జిల్లాలలో ఎన్ని ఉన్నవో ఉపాధ్యాయులే చెప్పగలరు. తప్పు పిల్లలది కాదు. సెలవులలో ఏ వారము ఎవరి వంతో కాగితముపై వ్రాసి గోడకు అంటించినవారు లేరు, అంతే. సెటిల్ వంటి స్టేషనులు నిలిచినది ఉత్సాహముచేత కాదు, వంతులచేత.

అట్లని జీతములేని చేతులపై సమస్తమును మోపరాదు. 2016 ఫిబ్రవరిలో ఆర్మత్వెయిటు దాపున ఈడెన్ నది గట్టు జారి మార్గము మూతపడినది. పూలతొట్లకు నీరు పోయువారు కొండను పట్టి నిలుపలేరు. రైల్వేసంస్థ 2 కోట్ల 30 లక్షల పౌనులు వెచ్చించి 2017 మార్చి 31న తిరిగి తెరిచినది. పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు, టిక్కెట్టు గుమాస్తా జీతము: ఇవి సంస్థ బాధ్యతలు. ఊరివారు ఊడ్చుచున్నారుగదా అని ఊడ్చువాని ఉద్యోగమును తీసివేయు యజమాని ఏ దేశమునందైన ఉండవచ్చును. స్వచ్ఛంద సేవకులు మొట్టమొదట తేల్చుకొనవలసినది ఏ పనికి తాము చేయి పెట్టరాదో అన్న విషయము.

శనివారములందు సెటిల్ సిగ్నలుగది తలుపు తెరచియుండును. లోపల మీటలు వరుసగా నిలిచియుండును. గంటల సంకేతముతో ఒక గదినుండి మరియొక గదికి రైలును ఎట్లు అప్పగించెడివారో సేవకులు వచ్చినవారికి వివరింతురు. వెలుపల, ఇప్పటి పట్టాలపై, లీడ్సునుండి కార్లయిలు పోవు బండి వచ్చి ఆగును.