పత్తిలో గులాబీ రంగు పురుగు: నిద్రలో ఉండగానే దెబ్బ తీయాలి



రెండో తీత అయ్యాక ఏటా మీలో చాలామంది అడిగే మాట ఒకటుంది. "చేను పచ్చగానే ఉంది, ఒక తడి ఇస్తే ఇంకో క్వింటాలో రెండో వస్తాయి. ఎందుకు పీకమంటున్నారు సార్?" అడగడంలో న్యాయం ఉంది. కౌలు కట్టాలి, అప్పు తీరాలి. కానీ ఆ రెండు క్వింటాళ్ల కోసం వచ్చే ఏడాది పంటను తాకట్టు పెడుతున్నాం. ఎలాగో చూడండి.

బీటీ ఎందుకు ఆపలేకపోతోంది?

మన దేశంలో ఒక బీటీ జన్యువు ఉన్న పత్తి 2002లో, రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 2006లో సాగుకు వచ్చాయి. గులాబీ రంగు పురుగు మొదటి జన్యువును తట్టుకుంటోందని 2010లో గుజరాత్‌లో తేలింది. తర్వాతి ఏళ్లలో రెండోదాన్నీ తట్టుకుంది. పురుగు బీటీకి అలవాటు పడలేదు. తట్టుకోగలిగినవే బతికి, వాటి సంతానమే పెరిగింది. బీటీ విషం పురుగు పేగులో ఒక ప్రొటీన్‌కు అతుక్కుని పనిచేస్తుంది. మన పొలాల్లో తట్టుకున్న పురుగులను పరీక్షిస్తే ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులోనే మార్పులు కనిపించాయి. ఈ మార్పు తరతరాలకూ దిగుతుంది. మనం మందు కొట్టి దాన్ని వెనక్కి తేలేం.

జన్యువు మారకుండా వచ్చే మార్పు

పురుగులో ఇంకో రకం మార్పు ఉంది. మన చేతికి చిక్కేది అదే. గుడ్డు, పురుగు, ప్యూపా, రెక్కల పురుగు, ఈ నాలుగు దశల్లోనూ ఉండేవి అవే జన్యువులు. ఒక చెరువుకు ఎన్నో తూములున్నట్లు, ఏ దశలో ఏ జన్యువు తెరవాలి, ఏది మూయాలి అన్నదే మారుతుంది. జువెనైల్ హార్మోన్ ఉన్నంత కాలం పురుగు పురుగుగానే పెరుగుతుంది. అది తగ్గి ఎక్డైసోన్ పనిచేస్తే ప్యూపా అవుతుంది. డీఎన్ఏ మీద, అది చుట్టుకున్న ప్రొటీన్ల మీద చేరే చిన్న రసాయన గుర్తులు కూడా ఈ తూములను నడుపుతాయి. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు. నాసోనియా అనే చిన్న పరాన్నజీవి కందిరీగలో ఈ గుర్తులు పడకుండా చేస్తే, పగటి పొద్దు నిడివిని బట్టి నిద్రకు వెళ్లే గుణం దెబ్బతిన్నట్లు పరిశోధనల్లో తేలింది.

గులాబీ రంగు పురుగు కూడా పొద్దును, చలిని బట్టే నడుచుకుంటుంది. పగలు తగ్గి చలి పెరిగాక ఎదిగిన పురుగుల్లో చాలావరకు ప్యూపాగా మారవు. రెండు గింజలను కలిపి అల్లుకుని, అందులోనే నెలల తరబడి నిద్రపోతాయి. అక్కడికి ఏ మందూ చేరదు. అయితే అవి ఉండే చోటు మనకు తెలుసు: చేలో మిగిలిన కాయలు, పత్తి కట్టె కుప్పలు, జిన్నింగ్ మిల్లుల్లోని గింజలు. వేసవి చివర లేచి ఊరంతా ఎగిరాక వెతకడం కంటే, నిద్రలో ఉండగా తీసేయడం తేలిక.

ఇప్పుడు చేయాల్సినవి

• డిసెంబరు ఆఖరుకు పంట ముగించండి. నీరున్నవారు ఆ తడిని పత్తికి కాకుండా పెసరకో నువ్వులకో ఇవ్వండి.
• ఆఖరి తీత కాగానే గొర్రెలు, మేకలు తోలి మిగిలిన కాయలు మేపండి. అయితే దానికి ముందు కొద్దిరోజుల్లో మందు కొట్టిన చేలోకి తోలవద్దు.
• కట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి నేలలో కలియదున్నండి. గట్ల మీద కుప్ప వేయకండి. పొయ్యికి వాడుకునేవారు కాయలు ఏరి తీసేసి, తొలకరిలోపే వాడేయండి.

వచ్చే సీజన్‌లో

• తొలకరి పడ్డాకే విత్తండి. మే నెలలో తడి పెట్టి వేయవద్దు. ముందే లేచిన రెక్కల పురుగులకు మొగ్గలు దొరక్కపోతే వాటి సంతానం నిలవదు.
• 45 రోజుల నుంచి ఎకరాకు 2 లింగాకర్షక బుట్టలు పెట్టండి. వరుసగా 3 రోజులు బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు పడినా, 20 పచ్చికాయలు కోస్తే రెండింటిలో పురుగు కనిపించినా మందు అవసరం. గుడ్డిపూలు కనిపిస్తే ఏరి నాశనం చేయండి.

అమెరికాలో పత్తి పొలాల నుంచి ఈ పురుగును పూర్తిగా తొలగించామని 2018లో ప్రకటించారు. అక్కడ బీటీతో పాటు వంధ్య రెక్కల పురుగులు, లింగాకర్షక మందులు వాడారు, పంట కట్టెను దున్నేశారు. అన్నిటికంటే ముఖ్యం, రైతులంతా కలిసి చేశారు. మీరొక్కరే పీకి పక్క చేను ఫిబ్రవరి దాకా నిలిస్తే ఫలితం సగమే. అందుకే పక్క చేల వాళ్లతో ఈ వారమే మాట్లాడి ఒక తేదీ అనుకోండి. సందేహాలుంటే మీ రైతు సేవా కేంద్రంలో గానీ రైతు వేదికలో గానీ అడగండి. వచ్చేటప్పుడు మీ చేలోని నాలుగు కాయలు తెండి, కోసి చూద్దాం.