మొక్కు లేని ప్రదక్షిణ

అరుణాచలం గిరిప్రదక్షిణ అంటే 14 కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులని కూరగాయల మార్కెట్‌కి కూడా ఆటోలో వెళ్లే మా కాలనీ వదినలు, అత్తయ్యలు పౌర్ణమికి బస్సెక్కి వెళ్లి, ఆ 14 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా నడిచొచ్చారు. కాళ్లకు నూనె రాసుకుంటూ కూడా ఎంత సంతోషంగా చెప్పుకున్నారో! ఇంట్లో మగవాళ్లు ఒక్క మాట అనలేదు. హోటల్ నుంచి టిఫిన్లు తెచ్చుకున్నారు, పిల్లల్ని వాళ్లే తయారుచేసి స్కూలుకి పంపారు.

అదే వదిన, "ఆదివారం పొద్దున కడెం వైపు పోయి, అడవిలో వాగు పక్కన ఏడెనిమిది కిలోమీటర్లు నడిచొస్తాం" అందనుకోండి. "ఎందుకు?" అన్నది మొదటి ప్రశ్న. "ఎవరితో?" అన్నది రెండోది. "మరి వంట?" అన్నది మూడోది. దేవుడి పేరు చెబితే ఈ మూడు ప్రశ్నలూ ఉండవు.

భక్తి మీద నాకే పేచీ లేదు, నేనూ మొక్కేదాన్నే. కానీ ఆడవాళ్లం గడప దాటి నాలుగడుగులు వెయ్యాలంటే మొక్కో, పనో, రోగమో ఉండాలా? షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పాకే కదా, మా కరీంనగర్‌లో చాలామంది మానేరు డ్యాం కట్ట మీద నడక మొదలుపెట్టింది! అదీ పోయిన దారినే తిరిగి రావడం, మధ్యలో పదిసార్లు ఫోన్లో టైం చూసుకోవడం.

చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే రావడం మనకు కొత్తేం కాదు. వేములవాడలో కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతాం. బతుకమ్మ చుట్టూ తిరుగుతాం. బతుకమ్మ పూల కోసం మా అమ్మ వాళ్లు తెల్లారకముందే బయల్దేరి, గుట్ట బోళ్లలో తంగేడు, చేన్ల గట్ల మీద గునుగు తెంపుకుంటూ, చెరువు మీదుగా ఇంటికొచ్చేవాళ్లట. ఇప్పుడు మార్కెట్లో కట్టలు కొంటున్నాం. పండగ మిగిలింది, ఆ పొద్దుటి నడక పోయింది.

మన ఆదిలాబాద్ నడక గురించి చెప్పాలంటే మెస్రం వంశం వాళ్లను తలచుకోవాల్సిందే. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకి నాగోబా జాతర జరుగుతుంది. అంతకుముందే ఈ గోండు కుటుంబాల వాళ్లు ఇత్తడి ఝారీ పట్టుకుని, ఊళ్లూ అడవులూ దాటుకుంటూ జన్నారం మండలం కలమడుగు దగ్గరున్న హస్తినమడుగుకి కాలినడకన పోతారు. అక్కడ గోదావరి నీళ్లు నింపుకుని మళ్లీ నడిచే కేస్లాపూర్‌కి చేరతారు. మధ్యలో రాత్రి ఏ ఊళ్లో ఆగితే అక్కడే బస. దారంటే వాళ్లకు పూజకు ముందు పడే శ్రమ కాదు, పూజలో భాగమే. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లు తెల్లచీరల్లో వచ్చి నాగోబాకి పరిచయమవుతారు. దాన్ని భేటింగ్ అంటారు. కోనేటి నుంచి కొత్త కుండల్లో నీళ్లు తేవడంలోనూ కోడళ్లకూ ఆడపడుచులకూ చోటుంది.

మరి అదే అడవికి మనమెలా పోతున్నాం? కారెక్కి కుంటాల జలపాతం దాకా పోతాం. 147 అడుగుల ఎత్తు నుంచి కడెం వాగు దూకుతుంటే ఫోటో దిగుతాం, పులిహోర తిని తిరిగొస్తాం. నీళ్లలోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు ఎన్నిసార్లు చదవలేదు! ఆ వాగే కుంటాల దాటి, కవ్వాల్ అడవుల మధ్యనుంచి కడెం ప్రాజెక్టు చేరి, గోదావరిలో కలుస్తుంది. ఆ దారంతా వదిలేసి, ఒక్క దూకుడునే చూసి వచ్చేస్తున్నాం.

పోయిన పుష్యమాసంలో మేం ఆరుగురం ఆడవాళ్లం కడెం మండలంలో అడవి అంచు పల్లె ఒకదానికి వెళ్లాం. ఆ ఊరి పెద్దమ్మ దారి చూపింది. బండ్లబాట పట్టుకుని టేకు చెట్లలోకి, అక్కడినుంచి వాగులోకి దిగి, ఒడ్డు వెంబడి నడిచి, అవతల పత్తిచేన్ల మీదుగా మళ్లీ అదే ఊరికి. రాలిన టేకాకులు కాళ్లకింద అప్పడాల్లా విరిగాయి. మోకాలు లోతు నీళ్లలో చీరలెత్తి పట్టుకుని నవ్వుకుంటూ దాటాం. పోయిన దారి మళ్లీ తొక్కలేదు కాబట్టి ప్రతి మలుపూ కొత్తదే. మూడున్నర గంటల్లో ఎవరమూ ఫోన్ తియ్యలేదు. సిగ్నల్ లేదనుకోండి, అదీ మంచిదే అయింది!

పత్తి ఏరుతున్న ఆడవాళ్లు ఆపి అడిగారు, "ఏం పని మీద వచ్చిన్రు అక్కా?" అని. పనేం లేదు, ఉత్తగనే నడుస్తున్నం అన్నాం. "ఉత్తగ గూడ నడుస్తరా! మాకు జర రికాం దొరికితె కూసుంటం గని!" అని పడీపడీ నవ్వారు.

వాళ్ల నవ్వులో న్యాయముంది. కట్టెలకు, ఇప్పపువ్వుకు, కూలికి రోజూ ఆ దారిన నడిచేది వాళ్లే. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి ఏరుతున్న ఒక యువతిని పులి చంపేసింది. ఆ అమ్మాయి సరదాకి పోలేదు, కూలికి పోయింది. అందుకే మన సరదా వాళ్లకు బరువు కాకూడదు, వీలైతే నాలుగు డబ్బులు తెచ్చిపెట్టాలి అంటాను.

నేను అడిగేది రిసార్టులూ తాళ్ల వంతెనలూ కాదు. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. దాని లోపలి భాగం పులిదే, అక్కడ మన కాలు పెట్టొద్దు. బయటి ఊళ్ల పక్కన, అటవీశాఖ సరేనన్న చోట, ఊరి దగ్గర మొదలై ఊరికే చేరే దారి ఒకటి గుర్తులు పెట్టి ఉంచితే చాలు. మొదట్లో శుభ్రమైన బాత్రూం ఒకటి. దారి చూపడానికి ఆ ఊరి ఆడవాళ్లే, వాళ్లకు రోజుకూలీకి తగ్గకుండా డబ్బు. నడక అయ్యాక వాళ్లింట్లోనే జొన్నరొట్టె, పప్పు. ఇంగ్లండ్‌లో పొలాల మధ్యనుంచి, అడవి లోయల్లోంచి పోయే కాలిబాటల్లో నడిచే హక్కు చట్టంలోనే ఉంది. మనకు చట్టం లేకపోయినా బండ్లబాటలున్నాయి కదా!

సర్కారు చేసేది ఇదైతే, ఇంట్లో మనం చేసుకోవాల్సింది ఇంకోటుంది. వానాకాలం వద్దు, వాగులు చెప్పకుండా పొంగుతాయి. ఎండాకాలం అసలే వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనదే. ఒక్క ఆదివారం తీసుకోండి. ఐదారుగురు కలవండి, ఊరి మనిషి లేకుండా అడవిలోకి దిగకండి, తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తెచ్చుకోండి. ఇంట్లో ఎందుకని అడిగితే డాక్టర్ పేరో దేవుడి పేరో అడ్డం పెట్టుకోకండి. నడవాలనిపించింది, పోతున్నాను, మధ్యాహ్నానికి వస్తాను, బియ్యం కడిగి కుక్కర్ పెట్టండి అని చెప్పండి. అరుణాచలం అప్పుడు టిఫిన్లు తెచ్చుకున్న చేతులే కదా, కుక్కర్ కూడా పెడతాయి.