పియానో నేర్చుకోవాల్సింది మీ పిల్లలా, మీరా?

పోయిన ఆదివారం లిఫ్టులో ఐదో అంతస్తు ఆవిడ కలిసారు. "మీ పాప పియానో నేర్చుకుందిగా అండీ? మా బాబుకి నాలుగు నిండాయి. ఇప్పుడు చేర్పిస్తే టెన్త్‌కొచ్చేలోపు ఎయిత్ గ్రేడు అయిపోతుందంటారా?" అనడిగారు.

మాది మూడో అంతస్తు. ఆ కాస్త వ్యవధిలో చెప్పగలిగే జవాబు కాదది. "చూద్దాం లెండి" అని నసిగి దిగిపోయాను. కానీ ఆ "అయిపోతుందా" అన్న మాట మాత్రం నాతోపాటే దిగి ఇంట్లోకొచ్చి కూర్చుంది. ట్యాంకులో నీళ్ళు అయిపోతాయి. సిలబస్ అయిపోతుంది. అదృష్టం బావుంటే ఇంటి లోను కూడా అయిపోతుంది. సంగీతం అయిపోవడమేంటండీ?

ఆవిణ్ణి ఎగతాళి చేసే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. ఏడేళ్ళ కిందట నేనూ అచ్చం ఇదే లెక్క వేసాను. నోటితో కాదు, ఎక్సెల్ షీట్లో వేసాను. అప్పుడు మా అమ్మాయికి ఏడేళ్ళు. ఏడాదికో గ్రేడు, పదిహేనేళ్ళకి ఎనిమిది గ్రేడులు, ఒక ఏడాది బఫరు. ప్రాజెక్టు ప్లాను ఎంత ముచ్చటగా ఉందో!

దగ్గర్లో ఉన్న ఓ సంస్థలో చేర్పించాను. నాలుగు గ్రేడులు అనుకున్న టైముకే డెలివరీ అయ్యాయి. సదరు సంస్థ గుమ్మం ముందు ఫ్లెక్సీలో మా అమ్మాయి ఫోటో కూడా వేసారు. నేను దాన్ని ఫోన్లో ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను. అక్కడిదాకా కథ సుఖాంతమే.

ఆ తర్వాత మా అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజు వచ్చింది. ఇల్లంతా జనం. కేకు కోసే ముందు మా బాబాయి "ఏదీ, ఆ హ్యాపీ బర్త్‌డే వాయించవే తల్లీ" అన్నాడు. అమ్మాయి పియానో దగ్గరకెళ్ళి కూర్చుంది. ఓ నిమిషం అలాగే కూర్చుని, నా వైపు తిరిగి, "నాన్నా, అది నా సిలబస్‌లో లేదు" అంది.

పొగరుగా అనలేదు. నిజంగానే తెలీక అంది. అయిదేళ్ళు నేర్చుకుని, నాలుగు సర్టిఫికెట్లు గోడకి తగిలించుకున్న పిల్ల, ప్రపంచమంతా పాడే నాలుగు వరసల పాట విని వాయించలేకపోయింది. నేనేం చేసానంటారా? వంటింట్లోకి పిలిచి, "ఎంత డబ్బు పోసాననుకున్నావ్!" అని గొంతు తగ్గించి మరీ తిట్టాను. చుట్టాలు వినకూడదు కదా, పరువు! మర్నాడు పొద్దున్న అది పియానో మూత వేసి, మీద దుప్పటి కప్పి, "ఇంక నేను వాయించను" అని చెప్పి స్కూలుకెళ్ళిపోయింది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు.

ఓ వారం రోజులు బుజ్జగించాను, బెదిరించాను, చివరికి ఐప్యాడ్ కొనిపెడతానని లంచం కూడా ఆశపెట్టాను. లాభం లేకపోయింది. మా ఆవిడ అంతా చూసి చూసి ఒకే ఒక్క మాట అంది. "దాన్ని తిట్టే బదులు మీరు ఓసారి వాయించి చూపించండి."

అదీ నేను పియానో మొదలెట్టిన ముహూర్తం. నలభై రెండేళ్ళ వయసులో, పంతంతో.

పంతం రెండు రోజుల్లో దిగిపోయింది. కుడిచెయ్యి ఒక్కటే అయితే ఫరవాలేదు. ఎడమచెయ్యి ఒక్కటే అయినా ఫరవాలేదు. రెండూ కలిపితే మాత్రం ఒక చెయ్యి చేసేదాన్ని రెండోది కాపీ కొట్టేస్తుంది. నాలుగో వేలు అనేది నాకుందని అప్పుడే తెలిసింది. ఇరవయ్యేళ్ళు కీబోర్డు మీద బతికినవాణ్ణి, ఎనిమిది స్వరాలు సమంగా వాయించలేకపోయాను. "అరగంట ప్రాక్టీసు చెయ్యడానికి ఏమొచ్చింది నీకు?" అని దాన్ని ఎన్నిసార్లు కసిరానో గుర్తొచ్చి సిగ్గేసింది. అసలు నేను ఏం అడుగుతున్నానో తెలీకుండానే అడిగాను అన్నమాట.

ఇప్పుడు ఈ గ్రేడుల భాగోతం కాస్త విప్పి చూద్దాం. మన దగ్గర ఎక్కువగా వినపడే పరీక్షలు లండన్‌వి. ట్రినిటీ ఒకటి, 1889లో పుట్టిన ఏబీఆర్‌ఎస్‌ఎం ఒకటి. ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ గ్రేడు పరీక్షకి మొత్తం 150 మార్కులు. అందులో మూడు పీసులకి తలా 30 చొప్పున 90. స్కేళ్ళకి 21, అప్పటికప్పుడు కొత్త నొటేషన్ చూసి వాయించడానికి 21, చెవి పరీక్షకి 18. పాసవడానికి 100 చాలు.

పరీక్ష పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు. అన్నీ కొంచెం కొంచెం పెట్టారు. కానీ మనవాళ్ళ చేతికి మార్కుల పట్టిక ఇస్తే ఏమవుతుందో ఎంసెట్ కోచింగ్ చూసినవాళ్ళకి చెప్పాలా? 90 ఎక్కడున్నాయో అక్కడే గునపం దింపుతారు. మూడంటే మూడే పీసులు, పది నెలలపాటు, రోజూ, అరిగిపోయేదాకా. మా అమ్మాయి చేసిందీ అదే. నాలుగేళ్ళలో పరీక్ష కోసం పన్నెండు పీసులు! మా భాషలో చెప్పాలంటే, టెస్ట్ కేసులు ముందే తెలుసుకుని, వాటికి మాత్రమే సరైన జవాబు వచ్చేలా హార్డ్‌కోడ్ చేసిన ప్రోగ్రాం అది. టెస్టులన్నీ పచ్చగా పాసవుతాయి. ప్రొడక్షన్‌లో పెట్టి ఎవరో బాబాయి కొత్త ఇన్‌పుట్ ఇవ్వగానే కుప్పకూలుతుంది. అలాంటి కోడు రాసిన జూనియర్ని నేను రివ్యూలో నిలబెట్టి కడిగేస్తాను. నా కూతురి విషయంలో మాత్రం అదే కోడుకి ఫ్లెక్సీ కట్టించుకున్నాను.

సరే, "నాలుగేళ్ళకే చేర్పించాలి" అనేవాళ్ళు చెప్పే ముచ్చట్లు కూడా చూద్దాం.

ఒకటి: "చిన్నప్పుడు మొదలెట్టకపోతే ఇక రాదు." ఇందులో సగం నిజముంది. స్వరం విన్న వెంటనే ఆధారం లేకుండా ఇది ఫలానా అని చెప్పగలిగే శక్తి ఉన్నవాళ్ళలో చాలామంది ఆరేడేళ్ళ లోపే సంగీతం మొదలెట్టినవాళ్ళు. ఒప్పుకుంటాను. కానీ పాట వాయించడానికి ఆ శక్తి అక్కర్లేదు. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ ఉన్న దూరం తెలిస్తే చాలు. ఇది మనకి తెలీనిదా? కర్ణాటక సంగీతంలో షడ్జమం ఎవరి గొంతుకి అనువైన చోట వాళ్ళు పెట్టుకుంటారు. త్యాగరాజ కృతి పాడటానికి ఎవరైనా 440 హెర్ట్జ్ గుర్తుపట్టాలని అడిగారా? పైగా పెద్దవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. పియానో మీద 88 మెట్లు, 52 తెల్లవి, 36 నల్లవి. చూడగానే గుండె ఆగుతుంది. కానీ అది పన్నెండు మెట్ల నమూనా మళ్ళీ మళ్ళీ రావడమేనని పెద్దవాడికి అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. పిల్లలకి వేళ్ళు తొందరగా తిరుగుతాయి, మనకి బుర్ర తొందరగా తిరుగుతుంది. లెక్క సరి.

రెండు: "పియానో నేర్చుకుంటే బ్రెయిన్ పెరుగుతుంది, మ్యాథ్స్ వస్తుంది." దీనికి మూలమంటూ అందరూ చెప్పే మోజార్ట్ ప్రయోగం 1993 నాటిది. అందులో ఉన్నది పసిపిల్లలు కాదు, 36 మంది కాలేజీ విద్యార్థులు. వాళ్ళు పియానో వాయించలేదు, పది నిమిషాలు విన్నారంతే. ఆకారాల్ని మనసులో తిప్పి చూసే ఒక రకం ప్రశ్నల్లో కాస్త మెరుగయ్యారు. ఆ మెరుగు కూడా పావుగంటలో ఆవిరైపోయింది. దీన్ని పట్టుకునే 1998లో అమెరికాలో జార్జియా గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకీ సంగీతం సీడీ ఇద్దామని బడ్జెట్లో డబ్బులడిగాడు! నిజంగా పిల్లలకి పాఠాలు చెప్పి చూసిన ప్రయోగం 2004లో వచ్చింది. టొరొంటోలో 144 మంది ఆరేళ్ళ పిల్లలు. ఏడాదిపాటు కొందరికి కీబోర్డు, కొందరికి గాత్రం, కొందరికి నాటకం, కొందరికి ఏదీ లేదు. సంగీతం పిల్లల ఐక్యూ సగటున 7 పాయింట్లు పెరిగితే, మిగతావాళ్ళకి 4.3 పెరిగింది. అంటే ఇంత హడావుడికీ తేడా మూడు పాయింట్ల లోపు. నాటకం నేర్చుకున్న పిల్లల్లో మాత్రం నలుగురితో కలిసే గుణం మెరుగైందట. మరి ఐదో అంతస్తు బాబుని నాటకాల్లో చేర్పించమని ఎవరూ అనరేం?

మూడు: "జపాన్‌వాళ్ళు మూడేళ్ళకే మొదలెడతారు, సుజుకి పద్ధతి." షినిచి సుజుకి పేరు చెప్పి ఫీజులు వసూలు చేసేవాళ్ళు ఆయన చెప్పినదాంట్లో ఒక సగం మింగేస్తారు. ఆయన పద్ధతిలో ముందు నేర్చుకోవాల్సింది పిల్ల కాదు, తల్లో తండ్రో. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్క పాటైనా వాయించగలిగాకే పిల్ల చేతికి వాయిద్యం ఇచ్చేవారు. అమ్మ వాయిస్తుంటే చూసి, "నాకివ్వు" అని పిల్ల లాక్కోవాలి. భాష వచ్చేదీ అలాగే కదా. ఇంట్లో ఎవరూ మాట్లాడకుండా పిల్లకి మాత్రం తెలుగు ట్యూషన్ పెట్టిస్తే ఎంత వస్తుందో, ఇంట్లో ఎవరూ పాడకుండా పియానో ట్యూషన్ పెట్టిస్తే అంతే వస్తుంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. నిజం మాట్లాడుకుందాం. పియానో మీద మోజు ఎవరిది? నాలుగేళ్ళ బుడతడిదా? కాదు. పాత సినిమాల్లో మేడమెట్ల పక్కన పియానో, హీరో మెట్ల వైపు చూడకుండానే వాయించేస్తూ హీరోయిన్ వైపు చూసి పాడటం, అది చూసి గుటకలు మింగింది మనం. మన చిన్నప్పుడు ఇంట్లో డబ్బుల్లేవు. డబ్బులొచ్చేసరికి "ఈ వయసులో ఏంటి" అని సిగ్గు. ఆ సిగ్గుని పిల్లల మీదకి అవుట్‌సోర్స్ చేసాం. కోరిక మనది, శిక్ష వాళ్ళకి.

కాబట్టి చేర్పించే ముందు మీరు కూర్చోండి. మూడు నెలలు చాలు. మొదలెట్టాలనుకునేవాళ్ళకి నా అనుభవంలోంచి నాలుగు ముక్కలు. నొక్కితే బరువు తెలియని 61 మెట్ల బొమ్మ కీబోర్డు మీద వేళ్ళకి బలం రాదు. 88 మెట్లుండి, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికే, మెట్టుకి బరువున్న డిజిటల్ పియానో వాడినదైనా సరే చూసుకోండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే రాత్రి అమెరికా కాల్స్ అయ్యాక కూడా వాయించుకోవచ్చు, పక్కింటివాళ్ళు తలుపు కొట్టరు. ఆదివారం రెండు గంటల కన్నా రోజూ పదిహేను నిమిషాలు మేలు. రెండు చేతులూ కలపాల్సి వచ్చినప్పుడు వేగం సగానికి తగ్గించండి, అదీ కుదరకపోతే ఇంకో సగం. ఫోన్లో రంగు దీపాలు పడుతుంటే మెట్లు నొక్కే ఆటలు సరదాకి బాగుంటాయి గానీ, మణికట్టు బిగుసుకుపోయిందని అవి చెప్పలేవు. మనిషి కావాలి. మాస్టారిని వెతికేటప్పుడు "ఎంతమంది డిస్టింక్షన్" అని అడక్కండి. "నెలకి ఎన్ని కొత్త పీసులు చదివిస్తారు? విన్న పాట వాయించడం నేర్పుతారా? పరీక్ష లేకుండా చెప్తారా?" అని అడగండి. మూడో ప్రశ్నకి మొహం మాడ్చుకున్నవాళ్ళకో దణ్ణం పెట్టి బయటికొచ్చేయండి.

పరీక్షలే వద్దనట్లేదు. పిల్ల తనంతట తాను "రాస్తాను" అంటే రాయనివ్వండి. కొందరికి గమ్యం కనపడితేనే కాళ్ళు కదులుతాయి. కానీ పాట ముందు, పరీక్ష తర్వాత.

ఇంతకీ మా ఇంట్లో ఏమైందంటారా? రెండేళ్ళయింది. ఇప్పుడు నేను బాఖ్ 1725లో తన భార్యకిచ్చిన నోటుపుస్తకంలోని జీ మేజర్ మిన్యుయెట్ తంటాలు పడుతూ వాయిస్తున్నాను. దాన్ని రాసింది బాఖ్ కాదు, పెట్జోల్డ్ అనే ఆయనట. ఆ పుస్తకం పరీక్ష కోసం పుట్టలేదు, ఇంట్లోవాళ్ళు వాయించుకోవడానికి పుట్టింది. అమ్మాయి క్లాసులకి తిరిగి వెళ్ళలేదు. వెళ్ళమని నేను అడగలేదు కూడా. కానీ అప్పుడప్పుడు నేను తప్పు వాయిస్తే పక్కగదిలోంచి "నాన్నా, ఎఫ్ షార్ప్!" అని అరుపు వినపడుతుంది. పోయిన నెల మా అమ్మ పుట్టినరోజుకి హ్యాపీ బర్త్‌డే నేనే వాయించాను, రెండు తప్పులతో. మూడోసారికి అది వచ్చి పక్కన కూర్చుని ఎడమచెయ్యి అందుకుంది. ఎవరూ నేర్పలేదు, మార్కులూ లేవు. పాట అయ్యాక లేచి వెళ్ళిపోయింది. నేను నోరు మూసుకున్నాను. ఈ రెండేళ్ళలో నేను నేర్చుకున్న అసలు పాఠం అదే లెండి.

ఈసారి లిఫ్టులో ఆవిడ కనపడితే చెప్పాల్సిన జవాబు తయారుగా ఉంది. "బాబుకి నాలుగేళ్ళేగా మేడం, తొందరేముంది? మీరెప్పుడు చేరుతున్నారు?"