చీపుర్లు కట్టే కాలేజీ

ఉచిత చదువనగానే మనకు సర్కారు ఖజానా గుర్తొస్తుంది. అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని బెరియా కాలేజీ ప్రైవేటుదే అయినా 1892 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోదు. డిగ్రీ పాఠాలు చెప్పి రిటైరైన నాకు మాత్రం అంతకన్నా అక్కడి పని పద్ధతి నచ్చింది. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు పని చెయ్యాలి. ఫిలాసఫీ చదివే పిల్ల మగ్గం మీద కూర్చోవచ్చు, చీపుర్లు కట్టవచ్చు. (మన కాలేజీలో చీపురు పట్టమంటే తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ మీదికి రారూ!)

1855లో బెరియాను మొదలుపెట్టిన జాన్ గ్రెగ్ ఫీ బానిసత్వానికి బద్ధ విరోధి. 1859లో బానిసత్వ సమర్థకులు ఆయన్ను ఊళ్లోంచి తరిమేశారు. అంతర్యుద్ధం ముగిశాక నల్ల, తెల్ల పిల్లలు అక్కడ కలిసి చదివారు. 1904లో కెంటకీ ఆ కలయికనే నేరం చేసింది. కాలేజీ సుప్రీంకోర్టుకెక్కి 1908లో ఓడిపోయింది. 1950లో చట్టం సడలేదాకా నల్ల విద్యార్థులకు తలుపు మూసే ఉంది.

ఆ పని పద్ధతి మన దగ్గరా పెడదామంటే, బెరియాకు దాతలిచ్చిన పెద్ద మూలనిధి ఉంది, మనకు లేదంటారు. నిజమే. కానీ పని గంటలకు అంత నిధి అక్కర్లేదు. మన అటానమస్ కాలేజీలు లైబ్రరీతో, హాస్టల్ వంటింటితో మొదలుపెట్టొచ్చు. బెరియాలో లాగా కాస్త జీతమూ ఇవ్వాలి సుమా, వెట్టి కాకుండా.