తిప్పి పంపిన కారం ఎవరి కంచంలోకి?

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ ఆహార భద్రతా కేంద్రం మన దేశంలో పేరున్న రెండు కంపెనీల మసాలా పొడుల్లో ఎథిలిన్ ఆక్సైడ్ దొరికిందని ప్రకటించి, అమ్మకాలు ఆపించింది. మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చిన రసాయనం అది. రెండు వారాల్లో సింగపూర్ కూడా ఒక మసాలాను వెనక్కి తీసుకోమంది. ఏ పొట్లం పారేయాలో అక్కడివాళ్లకు వాళ్ల ప్రభుత్వమే చెప్పింది. అవే పేర్లు చూసి కిరాణా కొట్లో మసాలా కొనే మనకు దక్కినవి కంపెనీల ఖండనలు.

ఆ తర్వాత మన సంస్థలు ఏం చేశాయి? హాంకాంగ్, సింగపూర్ వెళ్లే సరుకుకు సుగంధ ద్రవ్యాల బోర్డు ఎథిలిన్ ఆక్సైడ్ పరీక్షను తప్పనిసరి చేసింది. దేశంలో అమ్ముడయ్యే మసాలాల నమూనాలు కూడా తీశారు, ఎథిలిన్ ఆక్సైడ్ కనపడలేదన్నారు. మంచిదే. కానీ ఆ నమూనాలు తీయడానికి హాంకాంగ్ కేక పెట్టాల్సి వచ్చిందెందుకు? అదే ఏప్రిల్‌లో, మన దేశంలో నమోదు కాని పురుగుమందుల అవశేషాలకు మసాలా దినుసుల్లో ఉన్న పరిమితిని కిలోకు 0.01 మిల్లీగ్రాము నుంచి 0.1కి పెంచారు. పది రెట్లు! నిపుణుల సిఫార్సు ప్రకారమే అన్నారు. ఆ నిపుణులు తినేవాళ్లను ఒక్క మాటైనా అడిగారా?

మిరప కోతల వేళ పల్నాడులో ఏ కళ్లానికైనా వెళ్లి చూడండి. టార్పాలిన్ పట్టా ఉన్న రైతు దాని మీద, లేని రైతు మట్టి మీద కాయ ఆరబోస్తాడు. రాత్రి మంచు కురుస్తుంది. అకాల వాన పడితే రాశి అడుగు తడుస్తుంది. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయను విరిస్తే లోపల గింజల చుట్టూ బూడిద రంగు బూజు. అలాంటి బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. అది కాలేయ క్యాన్సర్ తెచ్చే విషం. పొడి కొట్టాక కంటికి ఆనదు, వంట వేడికి పోదు. ఐరోపాలో కిలో మిరపకాయల్లో అది 10 మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశంలో మసాలా దినుసులకు 30 వరకు చెల్లుతుంది. వాళ్లు కారం చిటికెడు తింటారు, మనం ముద్దముద్దకీ తింటాం. ఎక్కువ తినేవాళ్లకు ఎక్కువ విషం ఫర్వాలేదని ఏ శాస్త్రం చెప్పింది? తాలు కాయ అని మిర్చి యార్డులో ధర కోసేటప్పుడు మాత్రం భారమంతా రైతు నెత్తినే పడుతుంది. ఆరబెట్టుకోవడానికి ఒక సిమెంటు కళ్లం కట్టించి ఇవ్వని ప్రభుత్వాలకు ఆ రైతును నిందించే హక్కు లేదు.

ధనిక దేశాలు ప్రమాణాల పేరు చెప్పి మన సరుకును అడ్డుకుంటున్నాయని వ్యాపారులు అంటారు. అలా జరగదని నేననను. అయితే ఆ తగువు తీర్చుకునే చోట్లు ఉన్నాయి. ఆంక్షలకు శాస్త్రీయ ఆధారం చూపాలని 1995 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమే చెబుతోంది. ఆహార ప్రమాణాలు రాసే కోడెక్స్ సంస్థ 1963లోనే పుట్టింది. అందులో మసాలా దినుసుల కమిటీకి 2013 నుంచి ఆతిథ్య దేశం మనమే. కుర్చీ మన చేతిలో ఉంది, వాదన ఉంటే అక్కడ గట్టిగా వినిపించండి. అంతేగాని దేశం పరువు అడ్డం పెట్టి మన జనం కళ్లకు గంతలు కట్టకండి.

ఆహార భద్రతలో దేశాల మధ్య సహకారమంటే ఎలా ఉండాలో మన మిరప చరిత్రే చెబుతుంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారం ఉత్పత్తుల్లో సూడాన్-1 ఉందని ఫ్రాన్స్ పట్టుకుంది. మైనానికి, బూట్ల పాలిష్‌కి వేసే రంగు అది. ఫ్రాన్స్ తన దగ్గరే దాచుకోలేదు, ఐరోపా అంతటికీ చెప్పింది. పరీక్ష పత్రం లేని కారం లోపలికి రాకూడదని చట్టం వచ్చింది. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో ఆ రంగు బయటపడితే, ఆ సాస్ ఏయే తిండిలో కలిసిందో వెతికి వందల రకాల సరుకులను కొట్ల నుంచి తీయించారు, పేర్లన్నీ ప్రకటించారు. 1979 నుంచి నడుస్తున్న ఐరోపా హెచ్చరికల వ్యవస్థలో ఏ దేశపు సరుకు ఎందుకు ఆగిందో ఇవాళ ఎవరైనా చూసుకోవచ్చు. తప్పు దొరికితే దొరికిందని చెప్పే మార్కెట్‌నే జనం నమ్ముతారు.

మనకు చేతకాని పనేం కాదు. 2024 సెప్టెంబరులో ఢిల్లీలో ప్రపంచ ఆహార నియంత్రణ సంస్థల సదస్సు పెట్టి, మన రేవుల్లో తిరస్కరించిన విదేశీ ఆహారం వివరాలను లోకానికి చెప్పే పోర్టల్ ప్రారంభించాం. పరాయి సరుకు తప్పులు ప్రపంచానికి చాటగలిగినవాళ్లం, మన సరుకు తప్పులు మన ఇంట్లోవాళ్లకు చెప్పలేమా?

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. విదేశీ రేవులో మన సరుకు ఆగిన మర్నాడే దాని లాట్ నంబరు, కంపెనీ పేరు, కారణం తెలుగుతో సహా దేశ భాషలన్నిటిలో ప్రకటించాలి. అదే లాట్ సరుకు ఇక్కడి కొట్లలో ఉంటే ఆ రోజే ఆపి పరీక్షించాలి. తిరిగొచ్చిన సరుకును తగలబెట్టారో, శుద్ధి చేశారో, ఎవరికి అమ్మారో బస్తా బస్తాకూ లెక్క చెప్పాలి. ఎగుమతికో పరిమితి, మనకో పరిమితి అనే రెండు నాల్కల ధోరణి మానాలి. కౌలు రైతుతో సహా ప్రతి మిరప రైతుకూ టార్పాలిన్ పట్టాలు, సిమెంటు కళ్లాలు అందాలి.

నమ్మకం ప్రకటనలతో రాదు, మంత్రుల హామీలతో అసలే రాదు. హాంకాంగ్ గృహిణికి తెలిసిన సంగతి గుంటూరు గృహిణికీ అదే రోజు తెలియాలి. ఆగిన సరుకుల జాబితా మా చేతిలో పెట్టండి. నమ్మాలో వద్దో మేం తేల్చుకుంటాం.