న్యాయం లేని శాంతి నిలవదు

మనుషులున్న చోట తగాదాలుంటాయి. హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) ఇంట్లోనే ఇద్దరు అన్నదమ్ముల మధ్య తొలి హత్య జరిగింది. కనుక సమాజంలో ఘర్షణే లేకుండా చేస్తామనే పాలకుణ్ణి మేము నమ్మము. ఘర్షణ వచ్చినప్పుడు ఆయన ఏం చేశాడో చూస్తాము.

ప్రవక్త పదవి లభించక ముందు, మహాప్రవక్త (సల్లం) ముప్పై అయిదేళ్ల వయసులో జరిగిన సంఘటన మనకు తెలిసిందే. కాబా పునర్నిర్మాణ వేళ హజ్రె అస్వద్‌ను దాని స్థానంలో ఎవరు ఉంచాలన్న దానిపై ఖురైష్ తెగలు కత్తులు దూయబోయాయి. ఆయన ఒక వస్త్రం పరిచి, రాతిని అందులో పెట్టి, తెగల నాయకులందరిచేత అంచులు పట్టించి పైకెత్తించారు. ఏ తెగా ఓడిపోలేదు. సుపరిపాలన అంటే ఇదే: ప్రతి ఒక్కరి చేతికీ ఒక అంచు అందడం.

మన రాజ్యాంగం 14వ అధికరణం కూడా చట్టం ముందు అందరూ సమానులేనన్నది. అయితే ఆచరణ ఎలా ఉంది? 1992 డిసెంబరు, 1993 జనవరి బొంబాయి అల్లర్లలో సుమారు 900 మంది చనిపోయారు. విచారణ జరుపుతున్న జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్‌ను 1996 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసి, అదే ఏడాది మే నెలలో పునరుద్ధరించింది. 1998లో వచ్చిన నివేదికను నాటి ప్రభుత్వం తోసిపుచ్చింది. చివరికి 2022 నవంబరులో సుప్రీంకోర్టు, శాంతిభద్రతల రక్షణలో రాష్ట్రం విఫలమైందని చెప్పి, గల్లంతైనవారి కుటుంబాలకు పరిహారమివ్వాలన్నది. అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు! ఎదురుచూస్తూనే కన్నుమూసిన తల్లులకు ఆ తీర్పు ఎవరు వినిపిస్తారు?

దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా, పోట్లాడుకునే రెండు వర్గాల మధ్య సంధి కుదర్చమంటూనే ఆ సంధి న్యాయంగా ఉండాలని షరతు పెట్టింది. పండుగల ముందు పోలీస్ స్టేషన్‌లో శాంతి కమిటీ వేసి, టీ తాగి, కరచాలనం చేసి లేచిపోతే చాలదు. దోషి ఏ మతస్థుడైనా కేసు నడవాలి. నష్టపోయినవాడు ఏ మతస్థుడైనా పరిహారం అందాలి.

ఇక మన సంగతి. వదంతి చెవిన పడగానే నిజమేదో విచారించమని అదే సూరా హెచ్చరించింది. మనం మాత్రం ఫోనులో వచ్చినదాన్ని చదవకుండానే పదిమందికి పంపుతున్నాము. ప్రభుత్వాన్ని లెక్కలడిగే మనం మస్జిద్ కమిటీ లెక్కలను జమాఅత్ ముందు పెడుతున్నామా? సలహా సంప్రదింపులు మన ధర్మమే కదా! మన ఇంట పాటించని న్యాయాన్ని దర్బారులో అడిగితే మన గొంతులో బలముండదు.

న్యాయం అడుగుదాము. ముందు మనం న్యాయంగా నిలబడదాము. అల్లాహ్ మనకు ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.